కాలువ గట్టు మీది జిమ్ము: గోదావరి డెల్టాలో వ్యాయామశాలలు సుస్థిర లక్ష్యాలకు సాయపడే దారి, మెట్టు మెట్టుగా

ఏటా ఎండలు ముదిరాక మా కాలువ కట్టేస్తారు. వారం పది రోజులకు అడుగు బయటపడుతుంది. ఓ వేసవి పొద్దున్న గట్టు మీద పరుగుకు వెళ్ళిన మా జిమ్ము కుర్రాళ్ళు వంతెన దగ్గర ఆగిపోయారు. ఎండిన గుర్రపుడెక్కలో చిక్కుకుని నీళ్ళ సీసాలు, షేకర్లు, ప్రొటీన్ పౌడరు డబ్బాలు కనిపించాయి. ఒకడు కిందికి దిగి ఒక డబ్బా పట్టుకొచ్చాడు.

"మాస్టారూ, ఇది మన దగ్గర కొన్నదేనండి. స్టిక్కరు ఇంకా ఊడలేదు."

ఆ ధర స్టిక్కరు నేను అంటించిందే. మనుషుల ఒంటికి మంచి చేస్తున్నానని నమ్మి నడిపే చోటు నుంచి ఊరు తాగే నీళ్ళలోకి ఏం పోతోందో నేను ఒక్కరోజూ చూడలేదు. అప్పుడు మొదలుపెట్టిన పనిలో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. భీమవరంలో ఏసీ జిమ్ము నడిపేవారికైనా, లంక ఊళ్ళో రేకుల షెడ్డులో నాలుగు రాడ్లు పెట్టుకున్నవారికైనా, యోగా నేర్పేవారికైనా పనికొస్తుంది.

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితిలో 193 దేశాలు 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలకు ఒప్పుకున్నాయి. గడువు 2030. వాటిలో ఆరోగ్యం మూడోది, స్త్రీ పురుష సమానత్వం ఐదోది, నీళ్ళు ఆరోది, శుభ్రమైన ఇంధనం ఏడోది, వాడకంలో బాధ్యత పన్నెండోది, వాతావరణం పదమూడోది, సముద్ర జీవం పద్నాలుగోది. 2018 డిసెంబరులో పోలండ్‌లోని కటోవీస్ వాతావరణ సదస్సులో క్రీడారంగం కోసం ప్రత్యేకంగా ఒక ఒప్పంద చట్రం కూడా తెచ్చారు. ఇంత పెద్ద మాటలకూ మన ఊరి జిమ్ముకూ సంబంధం ఏమిటంటే కరెంటు మీటరు, నీళ్ళ ట్యాంకు, చెత్తబుట్ట, బయట ఆపిన బళ్ళు, లోపలికి రాని మనుషులు. ఈ ఐదింటినీ పట్టుకుంటే మిగతావి వాటి వెంటే వస్తాయి.

మెట్టు 1: నెల రోజులు ఏమీ మార్చకండి, రాయండి

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. పొద్దున తలుపు తీయగానే ఒకసారి, రాత్రి తాళం వేసేముందు ఒకసారి మీటరు రీడింగు రాయండి. రాత్రి రీడింగుకీ తెల్లారి రీడింగుకీ మధ్య తేడా ఉంటే ఎవరూ లేనప్పుడు కూడా కరెంటు కాలుతోందన్నమాట. ఫ్రిజ్జు, ఆర్వో యంత్రం, ప్లగ్గు తీయని ట్రెడ్‌మిల్లు, స్పీకర్లు, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. తరవాత ఒక ఆదివారం జిమ్ము ఖాళీగా ఉన్నప్పుడు అన్నీ ఆపేసి, ఒక్కో యంత్రం గంట సేపు నడిపి మీటరు చూడండి. యంత్రం మీది రేటింగు చెప్పే అంకె కన్నా ఇది నిజమైన లెక్క.

నీళ్ళకు రోజుకు ట్యాంకు ఎన్నిసార్లు నింపుతున్నారో గీతలు గీస్తే చాలు. చెత్తను వారానికోసారి వేలాడే త్రాసుతో తూయండి. ప్లాస్టిక్ వేరుగా, మిగతాది వేరుగా.

నాలుగోది చాలామంది వదిలేస్తారు. వచ్చేవాళ్ళు ఎంత దూరం నుంచి, దేనిమీద వస్తున్నారో అడిగి రాయండి. ఇది ఎందుకు ముఖ్యమో ఒక లెక్క చూద్దాం. వంద మంది మూడు కిలోమీటర్ల దూరం నుంచి మోటారు సైకిళ్ళ మీద నెలకు 25 రోజులు వస్తారనుకోండి. రానూ పోనూ 15,000 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చినా 300 లీటర్ల పెట్రోలు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే 690 కిలోలు. అదే జిమ్ము నెలకు 1,500 యూనిట్లు వాడితే, మన దేశంలో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున 1,050 కిలోలు. బయట ఆగిన బళ్ళ వాటా లోపల తిరిగే యంత్రాల వాటాలో మూడింట రెండొంతులన్నమాట. ఈ లెక్క వేశాక నాకు ప్రాధాన్యాలే మారిపోయాయి. మీ అంకెలు వేరే ఉంటాయి, అందుకే నెల రోజులు రాయమంటున్నాను.

మెట్టు 2: ఉక్కను అర్థం చేసుకుని ఏసీ దగ్గరకు వెళ్ళండి

రెంటచింతలలో ఎండ మాడుస్తుంది. మన దగ్గర చెమట ఆరదు. ఈ తేడా తెలియకుండా ఎక్కడో పొడి ఊళ్ళో పనిచేసిన ఏర్పాటును తెచ్చి పెడితే డబ్బులు దండగ. ఉదాహరణకు నీళ్ళ మీద నడిచే ఎయిర్ కూలరు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉన్న చోట అది ఇంకాస్త తేమ కలుపుతుంది తప్ప చల్లబరచదు. డెల్టాలో జిమ్ముకు కూలరు కొనకండి.

ఒంటి మీది చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. దానికి గాలి కదలాలి. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: ముందు పైకప్పు, తరవాత కిటికీలు, ఆ తరవాత ఫ్యాన్లు, చివరికి ఏసీ.

డాబా అయితే మార్చి రాకముందే తెల్ల సున్నం గానీ, వేడిని తిప్పికొట్టే తెల్ల పెయింటు గానీ రెండు కోట్లు వేయించండి. రేకుల షెడ్డయితే రేకుకూ లోపలి కప్పుకూ మధ్య జానెడు ఖాళీ వదిలి తాటాకు తడికలు కట్టించవచ్చు. ఆ ఖాళీలోంచి వైరింగు మాత్రం పోనివ్వకండి, షార్టు సర్క్యూటు అయితే తాటాకు నిమిషంలో అంటుకుంటుంది.

కిటికీల సంగతి చెప్పాలి. సాయంత్రం సముద్రం మీదుగా వచ్చే పైరగాలి డెల్టాకు దేవుడిచ్చిన ఏసీ. జిమ్ము పెట్టేటప్పుడు మనం చేసే మొదటి పని దక్షిణపు గోడంతా అద్దం బిగించడం! నేనూ అదే చేశాను. ఒక వేసవి తాపీ మేస్త్రీ వచ్చి ఆ గోడ తట్టి, "దీని వెనక రెండు కిటికీలున్నాయండి, ఎందుకు మూసేశారు?" అన్నాడు. రెండు అద్దాలు ఉత్తరపు గోడకు మార్చాం. గాలి లోపలికి వస్తే చాలదు, బయటికి పోవడానికి ఎదురు గోడలో ఎత్తున ఒక దారి కూడా ఉండాలి.

ఫ్యాన్లు మార్చడం తేలిగ్గా డబ్బు తిరిగొచ్చే పని. పాత సీలింగు ఫ్యాను 70 నుంచి 80 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యానుకు 28 నుంచి 35 వాట్లు చాలు. పదిహేను ఫ్యాన్లు రోజుకు పది గంటలు తిరిగితే నెలకు సుమారు 200 యూనిట్లు మిగులుతాయి.

ఇక ఏసీ. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు తగ్గుతుందని ఇంధన పొదుపు సంస్థ లెక్క. 18లో పెట్టి తలుపు తీసి ఉంచే బదులు 26లో పెట్టి ఫ్యాను తిప్పండి. మొదటి వారం జనం గొణుగుతారు. రెండో వారానికి అలవాటు పడతారు.

ఇంతకన్నా పెద్ద విషయం ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. "ప్రతి వేసవికీ గ్యాసు నింపించాలండీ" అని మీ ఏసీ మెకానిక్కు చెబుతుంటే, గ్యాసు ఎక్కడో కారుతోందని అర్థం. ఏసీ గ్యాసు వాడితే అరిగిపోయేది కాదు. ఆర్-410ఏ అనే గ్యాసు ఒక్క కిలో గాలిలో కలిస్తే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వేడి పుట్టిస్తుంది. అంటే సుమారు 3,000 యూనిట్ల కరెంటు వాడినంత. ముందు కారే చోటు పట్టి అతికించమనండి, ఆ తరవాతే నింపమనండి. కొత్తది కొనాల్సి వస్తే ఆర్-32 ఉన్నది చూడండి, దాని ప్రభావం మూడో వంతు.

మే నెలలో పదకొండు నుంచి నాలుగు దాకా జిమ్ము మూసేస్తే ఇంకా మంచిది. ఆ ఉక్కలో బరువులెత్తిస్తే వడదెబ్బ ప్రమాదం కూడా.

మెట్టు 3: ఉన్న ఇనుమును బతికించండి

జిమ్ము సామానులో మోటారు, తెర లేనిదేదైనా ఇరవై ఏళ్ళు పనిచేస్తుంది. రాడ్లు, ప్లేట్లు, డంబెల్స్ సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి మొహమాటం అక్కర్లేదు. ఇనుము ఇనుమే. చూడవలసినవి రెండే: రాడ్డును నేల మీద దొర్లించి వంకర చూడండి, బెంచీ వెల్డింగు అతుకులు గోరుతో గీకి చూడండి, పెయింటు కింద పగులు ఉంటే తెలుస్తుంది.

బెంచీలు, ర్యాకులు, పుల్లప్ బార్లు మన ఊళ్ళలోనే చేయించుకోవచ్చు. రొయ్యల చెరువుల ఏరియేటర్లు, రైసు మిల్లు సామాను బాగుచేసే వెల్డింగు షాపులు వీధికొకటి ఉన్నాయి. మోటారు వైండింగు, బేరింగులు తెలిసినవాళ్ళకు మన దగ్గర కొదవ లేదు. ట్రెడ్‌మిల్లు ఆగగానే కొత్తది కొనేయకుండా వాళ్ళను పిలవండి. చాలాసార్లు జబ్బు మోటారుది కాదు, బెల్టు కింద నూనె ఆరిపోయి ఉంటుంది. ఆరిన బెల్టు మోటారు మీద బరువు పెంచి కరెంటు ఎక్కువ లాగుతుంది. నెలకోసారి బెల్టు ఎత్తి కింద సిలికాన్ ఆయిల్ పూయండి. కొబ్బరినూనె పోయకండి, జిగురై పట్టేస్తుంది.

తీరానికి దగ్గర ఉన్నవాళ్ళకు, అంటే అంతర్వేది, ఉప్పాడ వైపు వాళ్ళకు, తుప్పు పెద్ద శత్రువు. రాత్రి మూసేముందు రాడ్లను పొడి గుడ్డతో తుడవడం, ఏడాదికోసారి ఎర్ర ఆక్సైడ్ కొట్టి పెయింటు వేయడం తప్పనిసరి. తుడవడానికి టిష్యూ కాగితాలొద్దు. పాత నూలు పంచెలు, చీరలు ముక్కలు చేసుకుంటే ఉతికి ఉతికి వాడుకోవచ్చు.

కొబ్బరి పీచు గురించి నన్ను చాలామంది అడుగుతారు. కోనసీమలో ఉండి పీచు మ్యాట్లు వాడకపోతే ఎలా అని. గుమ్మంలో కాళ్ళు తుడుచుకోవడానికి, బయట ఆరుబయలు వ్యాయామానికి అద్భుతం. కానీ లోపల పడుకుని చేసే వ్యాయామాలకు చర్మం గీరుకుంటుంది, చెమట పీల్చి మన తేమలో బూజు పడుతుంది. బరువులు పడే చోట పాత టైర్ల రబ్బరుతో చేసిన పలకలే మేలు. లారీ టైరు ఎత్తి పడేసే వ్యాయామం చేయిస్తుంటే ఒక జాగ్రత్త: టైరు లోపలి అంచున నాలుగు చోట్ల రంధ్రాలు వేయించండి. వానాకాలం నీళ్ళు నిలిస్తే డెంగీ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది.

మన తాలింఖానాల్లో ఇసుక గోదా, గదలు, కర్రసాము, దండీలు, బస్కీలతోనే మనుషులు వస్తాదులయ్యారు. వాటికి ప్లగ్గు పాయింటు అవసరం రాలేదు. వారానికి రెండు రోజులు అలాంటి క్లాసు పెట్టి చూడండి, ట్రెడ్‌మిల్లుల ముందు వరస తగ్గుతుంది.

ఇక బాగుపడనిది పారేయాల్సి వస్తే, మోటారు, తెర ఉన్న సామాను పాత ఇనుము బండికి అమ్మకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో కరెంటుతో నడిచే క్రీడా సామగ్రి కూడా ఉంది. రిజిస్టరైన రీసైక్లరుకు ఇచ్చి రశీదు తీసుకోండి. పాత రెగ్జిను, ఫోము, పీవీసీ మ్యాట్లు మంటలో వేయొద్దు, ఆ పొగ విషం.

మెట్టు 4: సోలారు, ఇంకా తొక్కితే పుట్టే కరెంటు

సైకిలు తొక్కితే కరెంటు తయారయ్యే యంత్రాలు అమ్మడానికి ఎవరైనా వస్తే ఈ లెక్క చెప్పండి. ఆరోగ్యంగా ఉన్న మనిషి నిలకడగా తొక్కితే సుమారు వంద వాట్లు. గంట తొక్కితే యూనిట్లో పదో వంతు. పది మంది గంట సేపు చెమటోడిస్తే ఒక్క యూనిట్. పిల్లలకు శక్తి అంటే ఏమిటో చూపించడానికి ఒకటి పెట్టుకోవచ్చు, బిల్లు తగ్గించడానికి కాదు.

డాబా మీద సోలారు నిజంగా తగ్గిస్తుంది. ఒక కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి, రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. అయితే ఎండ ఉన్నప్పుడు జిమ్ము ఖాళీ, జిమ్ము నిండినప్పుడు ఎండ ఉండదు. కాబట్టి మిగిలిన కరెంటును లైనులోకి పంపి లెక్కకట్టే నెట్ మీటరు లేకుండా పెట్టించుకుంటే ఉపయోగం సగమే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ రాయితీ ఇళ్ళకే, వాణిజ్య కనెక్షనుకు వర్తించదు. "సబ్సిడీ ఇప్పిస్తాం" అని మీ జిమ్ముకు ఎవరైనా చెబితే ముందు విద్యుత్ శాఖ ఆఫీసులో అడగండి.

మెట్టు 5: నీళ్ళు

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఎంత నీళ్ళున్నా కాలువలు కట్టేసిన ఆ నెలన్నర డెల్టా ఊళ్ళు నిల్వ చెరువుల మీదే బతుకుతాయి. తీరం వైపు బోరు వేస్తే ఉప్పునీళ్ళు. కాబట్టి ఆరో లక్ష్యం మనకు పరాయిది కాదు.

షవరు నిమిషానికి తొమ్మిది పది లీటర్లు పోస్తుంది. పది నిమిషాల స్నానానికి వంద లీటర్లు. బకెట్టూ చెంబూ పెడితే ఇరవైతో అయిపోతుంది. మేము షవర్లు తీసేశాం. చిన్న ఆర్వో యంత్రం ఒక లీటరు మంచినీళ్ళిచ్చి రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. ఆ నీళ్ళను డ్రమ్ములో పట్టి మరుగుదొడ్డికి, నేల తుడవడానికి వాడండి. మొక్కలకు పోయకండి, అందులో ఉప్పు పేరుకుని ఉంటుంది. మొక్కలకు ఏసీ నుంచి కారే నీళ్ళు పనికొస్తాయి, మన తేమకు అవి బకెట్ల కొద్దీ వస్తాయి.

మెట్టు 6: డబ్బా బదులు కంచం

ఇది నాకు అన్నిటికన్నా కష్టమైన మెట్టు, ఎందుకంటే నా ఆదాయంలో కొంత ఆ డబ్బాల మీదే వచ్చేది. చాలా జిమ్ముల్లో ట్రైనర్ల జీతం తక్కువ, పౌడరు మీద కమీషను ఎక్కువ. అమ్మకం ఆపమని వాళ్ళకు చెప్పేముందు జీతం పెంచాలి. నెల ఫీజు కొద్దిగా పెంచి, ఎందుకు పెంచామో అందరికీ చెప్పాం. వెళ్ళిపోయిన వాళ్ళు తక్కువే.

2024 మేలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కండ కోసం ప్రొటీన్ పౌడర్లు వాడొద్దనే సలహా ఇచ్చాయి. బరువులెత్తే 70 కిలోల మనిషికి, కిలోకు 1.4 గ్రాముల చొప్పున చూసినా, రోజుకు వంద గ్రాములు సరిపోతుంది. అది మన కంచంలో ఎలా వస్తుందో చూడండి. నాలుగు గుడ్లలో 24 గ్రాములు. పావుకిలోకు కాస్త తక్కువగా, అంటే 200 గ్రాముల శీలావతి చేప గానీ బొచ్చె చేప గానీ తింటే సుమారు 34. వంద గ్రాముల మినుములో పెసలో 24. రెండు గ్లాసుల పాలు, పెరుగులో 13. ఇక అన్నం తినకుండా ఎలాగూ ఉండం, పావుకిలో బియ్యంలో మరో 17. మొత్తం 112. గుడ్లు తణుకు వైపు కోళ్ళ ఫారాల నుంచి, చేప పక్క ఊరి చెరువు నుంచి వస్తాయి. ఎక్కడో ప్యాక్ అయ్యి ఓడెక్కి వచ్చిన డబ్బాకన్నా దారి ఎంత దగ్గరో చూడండి. చేపా గుడ్డూ తిననివాళ్ళు పప్పులు, ఉలవలు, వేరుశనగ, పాలు కాస్త పెంచుకుంటే సరి.

మినుముల గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. దాళ్వాకు, అంటే రెండో వరి పంటకు, నీళ్ళు చాలని చోట మన రైతులు సార్వా (మొదటి వరి) కోతకు ముందే వరిచేలో మినుములు, పెసలు చల్లేస్తారు. కోసిన నేలలో మిగిలిన తడితోనే ఆ పంట పండుతుంది. పప్పుజాతి వేళ్ళు గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తాయి, తరవాతి పైరుకు యూరియా ఆ మేరకు తగ్గుతుంది. నీళ్ళు అడగకుండా, నేలకు బలమిచ్చి మనకు కండనిచ్చే పంట అది. వ్యాయామం అయ్యాక ఒక సున్నుండ, ఒక గుడ్డు తినమని నేను చెబుతాను. బరువు తగ్గాల్సినవాళ్ళకు సున్నుండ కాదు, బెల్లం నెయ్యి లెక్క వేరు. వాళ్ళకు మొలకెత్తిన పెసలు.

తాగడానికి కొబ్బరి బోండాం ఉండగా రంగునీళ్ళ సీసాలు ఎందుకు? ఒక కొట్టువాడితో మాట్లాడి పొద్దున రెండు గంటలు జిమ్ము ముందు బోండాలు పెట్టించండి. స్ట్రా లేకుండానే. ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జూలై 1 నుంచి నిషిద్ధం. బోండాంలో పొటాషియం బాగా ఉంటుంది గానీ సోడియం తక్కువ. గంటకు మించి చెమటోడ్చినవాళ్ళకు ఉప్పేసిన మజ్జిగ మేలు. తాగిన బోండాం డొక్కలు పీచు తీసేవారికి పోయేలా ఏర్పాటు చేయండి, కాలువలోకి కాదు.

చేరినవాళ్ళకు ఇచ్చే పాలిస్టరు టీషర్టులు కూడా ఇదే కోవ. ఉతికిన ప్రతిసారీ వాటి నుంచి కంటికి కనపడని ప్లాస్టిక్ పోగులు ఊడి కాలువకు, అక్కడి నుంచి కోరింగ మడ అడవుల వైపు, సముద్రంలోకి పోతాయి. వాటి బదులు బండార్లంక లాంటి చేనేత ఊళ్ళ నుంచి ఒక నూలు తువ్వాలు ఇవ్వండి. చెమట తుడుచుకోవడానికి దాన్ని మించింది లేదు.

మెట్టు 7: దారి

ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల చదును. సైకిలుకు ఇంతకన్నా అనుకూలమైన ఊళ్ళు తక్కువ. అయినా జిమ్ముకు బండి మీద వచ్చి లోపల సైకిలు యంత్రం తొక్కుతున్నాం.

చేయగలిగింది చిన్నదే. బళ్ళు ఆపే చోట్లో సగం సైకిళ్ళకు ఇచ్చి, నీడ వేసి, గాలి పంపు, పంక్చరు సామాను పెట్టండి. సైకిలు మీద వచ్చినవాళ్ళకు వార్మప్ అయిపోయినట్టే లెక్క, వాళ్ళు నేరుగా బరువుల దగ్గరకు వెళ్ళవచ్చు. ఆడపిల్లలు చీకటిపడ్డాక సైకిలు మీద వెళ్ళాలంటే వీధిదీపాలు కావాలి. ఏ స్తంభం మీద దీపం వెలగడం లేదో నంబరు రాసి ఊరి సచివాలయంలో అర్జీ ఇవ్వడం కూడా జిమ్ము పనే. వంద మందిలో ముప్ఫై మంది మారినా, పైన వేసిన లెక్క ప్రకారం నెలకు 90 లీటర్ల పెట్రోలు.

మెట్టు 8: లోపలికి రానివాళ్ళు

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చెబుతుంది. 2022 లెక్కల ప్రకారం ప్రపంచంలో 31 శాతం పెద్దవాళ్ళు ఆ మాత్రం కూడా కదలడం లేదు. మన దేశంలో దాదాపు సగం. ఆడవాళ్ళలో సుమారు 57 శాతం. మనం ఎంత కరెంటు ఆదా చేసినా, కుర్రాళ్ళకే తలుపు తీసి ఉంచితే మూడో లక్ష్యాన్ని ముట్టుకోనట్టే.

పొద్దున పది నుంచి పన్నెండు దాకా, పిల్లలు బడికి వెళ్ళాక, ఆడవాళ్ళకు కేటాయించండి. నేర్పేది ఆడ ట్రైనరే ఉండాలి. పంజాబీ డ్రెస్సుతో, చీరతో కూడా చేయగల వ్యాయామాలు ఉండాలి. ఫీజు తక్కువ పెట్టండి, ఆ సమయంలో ఎలాగూ హాలు ఖాళీ.

ఒకసారి మా వీధి చివర ఉండే పెద్దావిడ వచ్చి కూర్చుంది. "నాట్లేసి నాట్లేసి నడుం పడిపోయింది బాబూ. నాకు బరువులేంటి?"

"బరువు కాదు పిన్నిగారూ, వంగడం నేర్పుతాను" అన్నాను.

పొలం పని చేసేవాళ్ళకు కదలిక తక్కువ కాదు, ఒకే కదలిక ఎక్కువ. నడుం వంచకుండా తుంటి దగ్గర వంగడం, పిరుదుల బలం, రాత్రి పడుకునేముందు ఐదు నిమిషాలు నడుం సాగదీయడం. దీనికి యంత్రం అక్కర్లేదు, ఇరవై కిలోల బియ్యం బస్తా చాలు. నాట్లు మొదలవడానికి నెల ముందు ఊళ్ళోకి వెళ్ళి రామాలయం అరుగు మీద వారానికి రెండు రోజులు చెబితే, జిమ్ముకు ఎప్పటికీ రాని యాభై మందికి మేలు జరుగుతుంది.

ఇంకొకటి ఈత. కాలువల మధ్య పుట్టి ఈత రాని తరం పెరుగుతోంది. ప్రపంచంలో ఏటా సుమారు మూడు లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోతున్నారు, వాళ్ళలో పిల్లలు చాలామంది. ఐక్యరాజ్య సమితి జూలై 25ను దీనికోసం ప్రత్యేక దినంగా పెట్టింది. మా తాతల కాలంలో నడుముకు బెండ్లు కట్టి చెరువులో దింపేవారు. ఇప్పుడు మనం కొలనున్న స్కూలుతోనో క్లబ్బుతోనో మాట్లాడుకుని, ఒక్కో శిక్షకుడికి ఆరుగురు పిల్లలకు మించకుండా వేసవిలో నేర్పాలి. పారే కాలువలో నేర్పొద్దు. మునిగేవాణ్ణి చూసి దూకకుండా తాడో, కర్రో, ఖాళీ క్యానో విసరడం కూడా అదే క్లాసులో నేర్పాలి.

మెట్టు 9: వరద ప్రణాళిక గోడకు అంటించండి

వాతావరణం మారుతోందంటే మనకు అర్థం గోదావరే చెబుతుంది. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. 2022లో జూలైలోనే ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. బలమైన చేతులు, పెద్ద హాలు, ఇన్వర్టరు ఉన్న చోటు ఊరికి అక్కరకు రావాలి. ధవళేశ్వరం హెచ్చరికలను బట్టి మా గోడ మీద రాసుకున్నది ఇది, మీ ఊరి ఎత్తును బట్టి మార్చుకోండి.

నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక రాగానే: లంకల నుంచి వచ్చే సభ్యులకు ఫోను చేయాలి. గట్ల మీద పరుగు, నది ఒడ్డున వ్యాయామం ఆపాలి. ఇన్వర్టరు, టార్చిలు ఛార్జింగులో పెట్టాలి.

13.75 అడుగులు, రెండో హెచ్చరిక: కింది అంతస్తులో ఉంటే మోటారు యంత్రాలు బల్లల మీదికి ఎక్కించాలి. తాగునీళ్ళ క్యాన్లు నింపాలి. వచ్చి పనిచేయగలవాళ్ళ పేర్లు, వాళ్ళలో ఈత వచ్చినవాళ్ళ పేర్లు వేరుగా రాసి సచివాలయంలో ఇవ్వాలి.

17.75 అడుగులు, మూడో హెచ్చరిక: క్లాసులు బంద్. హాలు ఖాళీ చేసి మ్యాట్లు పరిచి, ఫోన్ల ఛార్జింగుకు బోర్డు పెట్టి తలుపులు తెరవాలి. ముసలివాళ్ళను మోయడం, బస్తాలు దించడం మన పని. పడవ ఎక్కడం, నీళ్ళలోకి దిగడం మాత్రం విపత్తు దళం చెప్పినప్పుడే, ఈత వచ్చినా సరే.

నీళ్ళు తీశాక: తడిసిన వైరింగును ఎలక్ట్రీషియను చూసేదాకా మెయిను వేయకూడదు. నేల బ్లీచింగుతో కడగాలి. మ్యాట్లు రెండు రోజులు ఎండలో వేయాలి. టైర్లలో నీళ్ళు వంచేయాలి. తరవాత నోట్‌బుక్ తీసి ఆ రోజు మీటరు రీడింగు రాయాలి.